గోడమీది పటము, తొట్టిలోని బిడ్డ



ఈ పత్రిక చేతబట్టుకొని కూర్చున్నచోటనుండి ఒక్కసారి తల యెత్తి మీ యింటి గోడవైపు చూడుడు. మన తెలుగు క్రైస్తవుల యిండ్లలో అనేకములందు ఒక పటమున్నది. భుజములమీదికి జారిన పొడవాటి జుట్టు, మెత్తని గడ్డము, నుదుటిమీద పడిన పసుపుపచ్చని వెలుగు, ఒక ప్రక్కకు తిరిగి కొంచెము పైకి చూచుచున్న కన్నులు. దాని క్రింద క్యాలెండరు, దాని ప్రక్కన పెండ్లినాటి ఫొటో. ఇల్లు మారినప్పుడు మొదట గోడకెక్కునది ఆ పటమే. రోగి మంచము ప్రక్కను చూచితిని, శవపేటిక తలవైపునను చూచితిని. ముప్పది సంవత్సరములుగా సేవ చేయుచు ఆ పటము క్రింద మోకరించిన నేను, దానిని వ్రాసినదెవరని గాని, ఎట్లు వ్రాసెనని గాని, ఎందుకు వ్రాసెనని గాని ఒక్కనాడును అడిగినవాడను కాను. వేదాంత కళాశాలలో గ్రీకు చదివితిని, హెబ్రీ చదివితిని. పటమును చదువుట మాత్రము ఎవరును నేర్పలేదు, నేనును నేర్చుకొనలేదు. కొండపల్లిలో బొమ్మలు చేయు ఒక పెద్దాయన ఆ ప్రశ్న నాకు వేసెను. అది చెప్పుటకు ముందు పటము సంగతి చెప్పుదును.

ఆ పటమును వ్రాసినవాడు అమెరికాలోని చికాగో నగరవాసియైన వార్నర్ సాల్మన్. ఆయన 1892లో పుట్టి 1968లో మరణించెను. వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేయుట ఆయన వృత్తి. 1924లో తన సంఘ సమాజపు పత్రికకు ముఖచిత్రము కావలసివచ్చి, యేసుప్రభువు ముఖమును మొదట బొగ్గుతో గీసెను. గడువు దగ్గరపడినను ఏమియు తోచలేదనియు, అర్ధరాత్రి దాటిన తరువాత ఆ ముఖము మనస్సులో కనబడెననియు, అప్పుడే లేచి గీసితిననియు ఆయన తరువాతి కాలములో చెప్పెడివాడు. 1940లో ఆ ముఖమునే తైలవర్ణములతో వ్రాసెను. మన గోడలమీద నున్నది ఆ తైలచిత్రము యొక్క అచ్చు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో దానిని జేబులో పట్టునంత చిన్న కార్డులుగా అచ్చువేసి సైనికులకు పంచిరి. ఇరువదవ శతాబ్దము ముగియునాటికి ఏబది కోట్లకు పైగా ప్రతులు అచ్చయినవని లెక్క చెప్పుదురు.

ఆ రాత్రి ఆ ముఖము ఎక్కడనుండి వచ్చినది? ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు లియోన్ లెర్మిత్ 1892లో ఎమ్మాయు భోజనమును చిత్రించెను. ఆ చిత్రము అమెరికా పత్రికలలో కూడ అచ్చయినది. అందులోని క్రీస్తు శిరస్సునకును సాల్మన్ గీసిన శిరస్సునకును దగ్గర పోలిక యున్నదని కళాచరిత్ర పరిశోధకులు చూపిరి. దీనిని బట్టి ఆయన అబద్ధమాడెనని నేను తీర్పు తీర్చను. శనివారము రాత్రి ఒక మంచి తలంపు దొరికినదని సంతోషించి, ఆదివారము ప్రసంగపీఠము దిగిన తరువాత అది నా చిన్ననాడు మా తండ్రిగారి సంఘములో విన్న మాటయే యని గుర్తు తెచ్చుకొన్న సందర్భములు నాకును కలవు. కన్ను ఎప్పుడో చూచినదానిని మనస్సు దాచి యుంచును. అవసరము వచ్చినప్పుడు మనము దానినే క్రొత్తదిగా అందుకొందుము. కాబట్టి చిత్రకారుని గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఇతడు ఏమి చూచి దాచుకొనెను?

ఇక పని తీరు. తైలవర్ణమనగా రంగుపొడిని అవిసెనూనె వంటి నూనెతో నూరి చేసినది. అది త్వరగా ఆరదు. అందుచేత చిత్రకారుడు రెండు రంగుల అంచులను తడి ఆరకముందే కుంచెతో కలిపి, ఒకటి ఎక్కడ ముగిసెనో రెండవది ఎక్కడ మొదలాయెనో తెలియకుండ చేయగలడు. నచ్చనిదానిని తుడిచివేయగలడు. ఆరిన పొరమీద పలుచని పొర వేసి, వెలుగు లోపలినుండి వచ్చుచున్నట్లు చూపగలడు. సాల్మన్ పటములో ఈ మెలకువలన్నియు ఉన్నవి. చెంప అంచున గీత లేదు. జుట్టు వెనుకనున్న చీకటిలో కరగిపోయినది. ప్రభువు ఎక్కడ నిలిచియున్నాడో తెలియదు, పగలో రాత్రియో తెలియదు. చేతులు కనబడవు గనుక గాయములును కనబడవు. ఏ స్థలమునకును చెందని ముఖమగుటచేతనే అది చికాగోలోను చల్లపల్లిలోను ఒకే విధముగా గోడకెక్కినది. దుఃఖించువారిని అది ఓదార్చినదని సాక్ష్యము చెప్పగలను. కాని అది చూచువానిని ఏమియు అడుగదు. ఆ కన్నులు మనవైపు తిరుగవు. విమర్శకుడు ఈ రెండు మాటలును చెప్పవలెను.

రెండేండ్ల క్రిందటి క్రిస్మసుకు మా దేవాలయములో యేసు జనన దృశ్యమును బొమ్మలతో అమర్చవలెనని నాకు కోరిక కలిగినది. కొండపల్లి మాకు దగ్గర. విజయవాడనుండి బయలుదేరినవారికి కోట యున్న కొండ కనబడగానే ఊరు వచ్చినదని తెలియును. ఆ కొండ క్రింద తరతరములుగా ఆర్యక్షత్రియ కుటుంబములవారు బొమ్మలు చేయుచున్నారు. వందల యేండ్ల క్రిందట తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు. సంక్రాంతి బొమ్మలకొలువులో ఈ ఊరి బొమ్మ లేనిదే కొలువు నిండదని మన జిల్లాలవారి మాట. అంబారీ యేనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కు గీతకాడు, పెండ్లి పల్లకి, దశావతారములు: ఇవి వారి చేతికి అలవడిన పనులు.

నేను సాల్మన్ పటమును, విదేశమునుండి వచ్చిన ఒక క్రిస్మసు కార్డును తీసికొనిపోయి ఆ పెద్దాయన యెదుట పెట్టితిని. ధర అడిగి, చెప్పినదానిలో మూడవవంతు తగ్గించితిని. దేవుని పనికి గదా యని కూడ అంటిని. ఆయన కార్డును, పటమును అటు ఇటు త్రిప్పి చూచి, "అయ్యగారూ, ఈ మొహం వేసినాయన ఎవర్ని చూసి వేశాడండీ?" అని అడిగెను.

"అది మనకెందుకండీ? ఉన్నది ఉన్నట్టు చేసిపెట్టండి," అంటిని.

ఆయన మరేమియు అనలేదు. తరువాతి వారములలో నాలుగైదు సారులు పోయి ఆయన పని చూచితిని. ఆ పని తెలియనివారికొరకు కొంచెము వివరింతును. బొమ్మకు వాడునది తెల్లపొణికి కఱ్ఱ. కొండపల్లి చుట్టుప్రక్కల అడవులలో పెరుగును. ఇప్పుడు తగ్గిపోవుచున్నది గనుక మొక్కలు నాటు ప్రయత్నములు జరుగుచున్నవి. అది తేలికైనది, మెత్తనిది. ముక్కలు కోసి ఆరబెట్టి, సన్నని సెగమీద వేడిచేసి లోపలి తేమ పోగొట్టుదురు. తేమ మిగిలినయెడల బొమ్మ తరువాత పగులును. మొండెము ఒకటి, చేతులు వేరు, తల వేరుగా ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. మీద సున్నపు పూత. అది ఆరినపిమ్మట మేకవెంట్రుకల కుంచెతో రంగు. కొందరు మొక్కలనుండి తీసిన రంగులు వేయుదురు, కొందరు అంగడిలో దొరకు ఎనామిల్ వేయుదురు. ఎనామిల్ కూడ నూనెజాతి రంగే. తడి తగిలినను చెడదు, మెరయును, కొనువారికి ఆ మెరుపు ఇష్టము. కాని చికాగో చిత్రకారునివలె ఇక్కడ దిద్దుకొనుటకు వీలు తక్కువ. బొమ్మ ముఖము రేగుపండంత. కనుబొమ్మ ఒక్క గీత, కన్ను ఒక చుక్క. ఆ పెద్దాయన కన్నులు చివర వేయును. వేయునప్పుడు ఊపిరి బిగబట్టును. కుంచె ఎత్తినతరువాత గాని గాలి పీల్చుకొనడు.

బొమ్మలు వచ్చినవి. పటములో నున్నట్టే యున్నవి. పొడవాటి ముఖములు, గులాబిరంగు చెంపలు, నీలికన్నులు. మెరుపు అధికము. మరియమ్మ బిడ్డవైపు తిరిగియున్నది గాని బిడ్డను చూచుటలేదు. యోసేపు ఉన్నాడు గాని ఎందుకున్నాడో అతనికే తెలియనట్లున్నది. అంగడిలో ఆ పెద్దాయన చేసిన గీతకాడు నడుమునకు మోకు బిగించుకొని వెనుకకు వాలియున్నప్పుడు, ఆ త్రాటి బిగువు మన నడుమునకు తెలియును. అదే చేయి చేసిన ఈ బొమ్మలలో బిగువు లేదు. నేను నిష్ఠూరముగా అడిగితిని. ఆయన నొచ్చుకొనక, "చెక్కింది నా చెయ్యే అయ్యగారూ. కానీ ఇందులో నేను చూసిన మనిషి ఒక్కడూ లేడండీ," అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. ఇంటికి వచ్చి పుస్తకములు వెదకితిని. మూడు వందల యేబది సంవత్సరములకు పూర్వము తైలవర్ణములలో సాటిలేని ఒకడు ఇదే ప్రశ్నను ఎదుర్కొన్న సంగతి అక్కడ దొరికినది. అతడు హాలండు దేశపు రెంబ్రాంట్. ఆమ్‌స్టర్‌డామ్ నగరములో యూదులు అనేకులు నివసించు వీధిలో 1639లో ఇల్లు కొనెను. అప్పులు పెరిగి 1656లో దివాలా తీసెను. న్యాయస్థానమువారు ఆ యింటిలోని వస్తువులన్నిటికి జాబితా వ్రాసిరి. ఆ జాబితాలో ఒక చిత్రమును, సజీవుడైన మనుష్యుని చూచి వ్రాసిన క్రీస్తు శిరస్సు అని నమోదు చేసిరి. అంతకు ముందు పలువురు చిత్రకారులు క్రీస్తు ముఖమును పాత చిత్రములనుండియు, పాత వర్ణనలనుండియు తీసికొనుచుండగా, ఈయన మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాసెనన్నమాట. ఆ మనిషి ఇరుగుపొరుగున నున్న యూదా యువకుడై యుండునని అనేకమంది పండితుల అభిప్రాయము. ఆయన చిత్రశాలనుండి వచ్చిన అట్టి చిన్న చిత్రములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వాటిని ఒకచోట చేర్చి 2011లో పారిస్‌లోను, తరువాత అమెరికాలోను ప్రదర్శించిరి.

ఈ పనిలోని భావము గమనింపుడు. ప్రభువు యూదుడు. సమరయ స్త్రీ ఆయనను చూడగానే యూదుడని గుర్తుపట్టినది. ఐరోపా చిత్రకారులు చాలమంది అది మరచిరి. రెంబ్రాంట్ తన వీధి తలుపు తీసి, ఎదుటివాని ముఖములో ఆ సంగతి చూచెను. ఆ శిరస్సులలో రాజసము లేదు. నల్లని జుట్టు, అలసిన కన్నులు, వినుటకు కొంచెము వంగిన మెడ. తైలవర్ణము నెమ్మదిగా ఆరు గుణమునే ఆయనయు వాడుకొనెను, సాల్మనును వాడుకొనెను. ఒకడు దానితో హద్దులు చెరిపివేసెను. మరియొకడు ఒక మనిషి చర్మముక్రింద నున్న దుఃఖమును వెలికి తెచ్చెను. రంగు ఒకటే. చూచినది వేరు.

మనకు దగ్గరలో అట్లు చూచినవారు లేరా? విజయవాడలో నుండిరి. లూథరన్ సంఘపు గురువు, పండితుడు, చిత్రకారుడైన పులిదిండి సాల్మన్‌రాజుగారు 1921లో పుట్టి 2019లో ప్రభువునందు నిద్రించిరి. పేరు కలిసినదని చికాగో సాల్మన్‌తో కలుపవద్దు. వీరి త్రోవ వేరు. సువార్తికుడైన లూకా చిత్రకారుడనియు ఒక పాత ఐతిహ్యము గలదు. ఆ లూకా పేరిట వీరు విజయవాడలో లలితకళా ఆశ్రమమును నడిపిరి. దేవదాసు అయ్యగారి బైబిలు మిషనును గూర్చి పరిశోధించి గ్రంథము వ్రాసిరి. మన పల్లె విశ్వాసులు ఎట్లు పాడుదురో, ఎట్లు ప్రార్థింతురో చదివినవారు గనుక, వారిని చిత్రములలో ఉంచుటకు ఆయనకు పరదేశపు కార్డు అక్కరలేకపోయినది.

ఆయన ఎక్కువగా చేసినది బాతిక్, కఱ్ఱచెక్కడపు అచ్చు. బాతిక్‌లో బట్టమీద ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ కరగిన మైనము పూసి, బట్టను రంగులో ముంచుదురు. మరల మైనము, మరల రంగు, లేతనుండి ముదురునకు. చివరకు మైనమంతయు కరగించి తీసివేసిననే గాని బొమ్మ పూర్తిగా కనబడదు. మైనము చిట్లినచోట రంగు లోనికి దిగి సన్నని నరములవలె గీతలు పడును. వాటిని ఎవరును ముందుగా నిర్ణయింపలేరు. కఱ్ఱచెక్కడములో తెల్లగా నుండవలసినదానిని తొలగించి, నల్లగా నుండవలసినదానిని మిగుల్చవలెను. తైలచిత్రకారుడు తప్పును మరునాడు కప్పిపుచ్చగలడు. ఇక్కడ అది కాదు. అందుచేత ఈ పనిచేయువాడు మొదటినుండియే, దేనిని కాపాడవలెనో ఎరిగి యుండవలెను. సాల్మన్‌రాజుగారి చిత్రములలో గీతలు బలమైనవి, మెరుగులు తక్కువ. మనుష్యులు మన పొలముగట్లమీద కనబడువారు. అవి గదికి అలంకారముగా సరిపోకపోవచ్చును; చదువుటకు సరిపోవును. లూకా సువార్తలోని విమోచనమును గూర్చి ఆయన తన బాతిక్ చిత్రములతో ధ్యానములను ప్రచురించిరి. పేదలకు ప్రకటింపబడిన సువార్త పేదల రూపములో కనబడవలెననునదే ఆ పనికి ప్రేరణయని వాటిని చూచినవారికి తోచక మానదు.

ఇవన్నియు తెలిసికొని, గత సంవత్సరము మరల ఆ పెద్దాయన యొద్దకు పోయితిని. మొదట తగ్గించిన ధర సంగతి ఎత్తి క్షమించుమని అడిగితిని. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రసంగించిన నోటితోనే బేరమాడితిని గదా. ఈసారి పటము తీసికొనిపోలేదు. లూకా సువార్త రెండవ అధ్యాయము చదివి వినిపించితిని. ఆయన ఆకురాయితో ఒక ఎద్దు మూపును రుద్దుచు వినెను. తరువాత అడిగిన ప్రశ్నలు ఇవి: "ఆ గాడిలో గడ్డి కొత్తదాండీ, పాతదా? ఆ వడ్రంగికి పరాయి ఊళ్ళో పని దొరికిందా? పురిటి మనిషికి ఆ రాత్రి తోడెవరున్నారండీ?"

చదువరులారా, ఆ అధ్యాయముమీద ముప్పది క్రిస్మసులు ప్రసంగించితిని. లోకమంతటికిని ప్రజాసంఖ్య వ్రాయవలెనన్న ఆజ్ఞను గూర్చియు, దావీదు వంశావళిని గూర్చియు చెప్పితిని. పురిటి మనిషికి తోడెవరని ఒక్క క్రిస్మసుకును తోచలేదు.

రెండవసారి వచ్చిన బొమ్మలలో మరియమ్మ నేలమీద ఒక మోకాలు ఎత్తి, వెనుక గుంజకు వీపు ఆనించి కూర్చున్నది. కాన్పు అలసట ఆ వీపులోనే తెలియును. ముఖము చామనచాయ. కన్నులు బిడ్డమీద. "మా కోడలు పురిటికెళ్ళి పిల్లాడితో వచ్చిందండీ. అది అలాగే కూర్చుంటుంది," అని పెద్దాయన చెప్పెను. యోసేపు చేతిలో బాడిస. అది పెద్దాయన ముంగిట నున్న బాడిసయే. గొల్లవాడు గొంగడి కప్పుకొనియున్నాడు. మరియమ్మ ప్రక్కన నీళ్ళకుండతో ఒక ముసలమ్మ కూర్చున్నది. ఈసారి మెరుపు రంగు లేదు. మొక్కల రంగులు, మట్టిమీద వాన పడిన తరువాతవలె అణగియున్నవి. మెరుపు పోయినందున కన్నుల చుక్కలు కనబడినవి.

ముసలమ్మను చూచి నేను సందేహించితిని. లూకా ఆమెను గూర్చి వ్రాయలేదు. లేనిదానిని కలుపుట తగునా? తరువాత గుర్తు వచ్చినది: తూర్పు సంఘముల పురాతన జనన చిత్రములలో మంత్రసానులు బిడ్డకు స్నానము చేయించుచుందురు. ఆ చిత్రములను మా పెద్దాయన ఎన్నడును చూడలేదు. పురిటి గదిలో తోడులేని స్త్రీని తలంచుకొని ఆ పాత చిత్రకారులు ఏ కనికరముతో ఆమెను పెట్టిరో, అదే కనికరముతో ఈయనయు పెట్టెను. ఉండనిచ్చితిని.

అయితే అంతయు మెచ్చుకొన్నయెడల నాది విమర్శ కాదు. జ్ఞానులను ఆయన తన అంబారీ యేనుగుమీద ఎక్కించెను. ఆ యేనుగు ఎంతో అందమైనది. ఎఱ్ఱని జూలు, బంగారు అంచు, తొండము ఒంపు. కొలువునకు వచ్చిన పిల్లలందరు మొదట దానినే చూచిరి, బిడ్డను చివర చూచిరి. ఆ యేనుగును ఆయన తన జీవితములో వేలసారులు చేసియుండును. కథ అడిగినందున అది రాలేదు. చేయి అడిగినందున వచ్చినది. పరుల పటమును చూచి చేసినది ఎంత కాపీయో, తన పాత పనిని చూచి చేసినదియు అంతే కాపీ. ముసలమ్మ బైబిలులో లేదు, అయినను ఆమెలో చూపు ఉన్నది. జ్ఞానులు బైబిలులో ఉన్నారు, అయినను ఈ యేనుగులో చూపు లేదు. ఈ మాట ఆయనతో చెప్పితిని. ఆయన నవ్వి, "నిజమేనండీ, ఏనుగైతే కళ్ళు మూసుకుని చేసేస్తాను," అనెను. మన ప్రసంగములలోను, ప్రార్థనలలోను ఇట్టి యేనుగులు ఎన్ని తిరుగుచున్నవో ఎవరికి వారు లెక్క చూచుకొనవలెను.

మా సంఘ పెద్దలలో ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, దశావతారాలు చేసే చేతితో మన దేవుడి బొమ్మలు చేయించవచ్చా? ఆజ్ఞ ఉంది కదా," అని అడిగిరి. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయము మనకు తెలిసినదే. ఒకే మ్రానులో సగముతో వంట చేసికొని, మిగిలిన సగమునకు మ్రొక్కువానిని గూర్చి యెషయా నలువది నాలుగవ అధ్యాయము చెప్పిన మాటయు కఠినమైనదే. కాని అదే నిర్గమకాండములో బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి, చెక్కుటకును పొదుగుటకును తన ఆత్మతో నింపెనని చదువుచున్నాము. ఆజ్ఞ అడ్డగించునది మ్రొక్కును. మా దేవాలయములో ఈ బొమ్మలకు ఎవరును మ్రొక్కలేదు. మ్రొక్కు జరుగుచున్నయెడల, అది బహుశః గోడమీద అద్దములో బిగించిన పటమునకే జరుగుచున్నదేమో యని నేను ఆ పెద్దగారిని అడిగితిని. ఆయన చాలసేపు ఊరకుండెను. నేనును ఊరకుంటిని, ఎందుకనగా ఆ ప్రశ్న నాకును తగిలినది.

ఇక ప్రేరణను గూర్చి ఒక్క మాట. "ఇదంతా ఎందుకు చేస్తున్నారండీ?" అని పెద్దాయనను అడిగినప్పుడు, "కూటికోసమే అయ్యగారూ, ఇంకెందుకు?" అనెను. సాల్మన్ గడువుకొరకు గీసెను, రెంబ్రాంట్ అప్పులలో వ్రాసెను. కూటికొరకు చేసినంతమాత్రమున పని తక్కువది కాదు. కాని కూటికొరకే యైనయెడల కన్ను వేయునప్పుడు ఊపిరి బిగబట్టనేల? కొనువాడు ఆ తేడా గుర్తింపడు, ధరయు పెరుగదు. ఆ బిగబట్టిన ఊపిరిలో కూడు కాక మరియొకటి యున్నది. నజరేతులోని వడ్రంగి కొట్టులో కాడి చెక్కిన ఒకనికి అది తెలిసియుండునని నేను నమ్ముచున్నాను.

సువార్తికులు నలుగురిలో ఒక్కరును ప్రభువు ముఖము ఎట్లుండెనో వ్రాయలేదు. దానికి కారణము మనకు చెప్పబడలేదు గాని, ఫలితము మనయెదుట నున్నది: ప్రతి తరమువారును ఆ ముఖమును తమకు ఎదురైన మనుష్యులలో వెదకవలసివచ్చినది. ఆకలిగొన్నవానికిని, పరదేశికిని చేసినది తనకే చేసినట్లని ఆయనయే చెప్పెను గదా. ఇందులో ఒక జాగ్రత్తయు కావలెను. చీరకట్టి, బొట్టుపెట్టి, రంగు మార్చినంతమాత్రమున చిత్రము మనదికాదు. వేషము మార్చుటయు కాపీయే. ఆయన బేత్లెహేములో పుట్టిన యూదుడనుటయు మరువరాదు. పొరుగువానిని చూచిన కన్నే ఆయనను వెదకగలదు.

మీ గోడమీది పటమును తీసివేయుమని నేను చెప్పుటలేదు. మా యింటిలోనిది ఇంకను అక్కడనే యున్నది; మా అమ్మ చివరి చూపు దానిమీద నిలిచినది గనుక నేను తీయలేను. దాని క్రింద బల్లమీద ఇప్పుడు వీపు వాల్చి కూర్చున్న ఒక తల్లి, నీళ్ళకుండతో ఒక ముసలమ్మ, తొట్టిలో ఒక బిడ్డ ఉన్నారు. ప్రార్థనకు మోకరించినప్పుడు నా కన్ను మొదట వారిమీద పడుచున్నది. ఈ నెలలో మా సంఘములో ముగ్గురు బాలింతలున్నారు. పూర్వము వారిని దర్శించుట నా దినచర్యలో ఒక పని. ఇప్పుడు లోనికి పోగానే తోడెవరున్నారని అడుగుచున్నాను. వచ్చు క్రిస్మసునకు మీ ఊరిలో కుంచె పట్టినవాడెవడైన ఉన్నయెడల అతనికి కార్డు ఇయ్యకుడి. అధ్యాయము చదివి వినిపింపుడు, అడిగిన ధర ఇయ్యుడి, అతడు వేయు ప్రశ్నలకు చెవియొగ్గుడు. ప్రభువు మన కన్నులు తెరచునుగాక.